పడవ ఇంజిన్ స్టార్ట్ కానప్పుడు ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం 61 రోజులు సాగి జూన్ 14తో ముగుస్తుంది. ఆ మర్నాటి తెల్లవారుజామున ఇచ్ఛాపురం దగ్గర డొంకూరులోనైనా, కవిటి తీరంలోనైనా, సరిహద్దు దాటాక సోనాపూర్, గోపాల్‌పూర్, ఆర్యపల్లిలలోని తెలుగు మత్స్యకారుల వాడల్లోనైనా మొరాయించే ఇంజిన్లకు లోటుండదు. రుషికుల్య నది మొగ పరిసరాల్లో పరిస్థితి ఇంకా కష్టం. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ఒడిశా ప్రభుత్వం అక్కడ నవంబరు 1 నుంచి మే 31 వరకు కూడా ఆంక్షలు విధిస్తుంది కాబట్టి, కొన్ని ఇంజిన్లు ఏడాదిలో సగానికి పైగా గుడ్డ కప్పుకుని కూర్చునే ఉంటాయి. నెలల తరబడి నిలిచిన ఇంజిన్ స్టార్ట్ కాకపోవడానికీ, నిన్నటిదాకా వేటకు వెళ్లిన ఇంజిన్ ఇవాళ స్టార్ట్ కాకపోవడానికీ కారణాలు చాలావరకు వేరుగా ఉంటాయి. మొదటిదానిలో పాత ఇంధనం, తుప్పు, బిగుసుకున్న భాగాలు ముందు అనుమానించాల్సినవి. రెండోదానిలో ఇంధనంలో నీరు, లైనులో గాలి, తడిసిన కరెంటు తీగలు ముందు నిలుస్తాయి.

ఈ తీరంలో ఇసుక మీంచి తోసి, కెరటాల మీదుగా దాటించే ఫైబర్ పడవలే ఎక్కువ కనుక, వాటికి అమర్చే రెండు రకాల ఇంజిన్ల గురించే ఇక్కడ వివరంగా చెప్పుకుందాం. ఒకటి పొడుగు షాఫ్టుతో ఉండే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజిన్. రెండోది పడవ వెనక చెక్కకు బిగించే, పెట్రోలు లేదా పెట్రోలు-కిరోసిన్‌తో నడిచే అవుట్‌బోర్డు మోటారు. ఏది ఎంత పాతదైనా, ఏ కంపెనీదైనా పరీక్షించే వరుస ఒకటే: కంటికి కనిపించేవి ముందు, చేత్తో విప్పగలిగేవి తరవాత, పానా పట్టి తెరవాల్సినవి ఆఖరున. ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి. ప్లగ్గు, ఫిల్టరు, కార్బొరేటరు మూడింటినీ ఒకేసారి విప్పి బిగించిన వారికి ఇంజిన్ స్టార్ట్ అయినా జబ్బేమిటో తెలియదు, కనుక అది వారం తిరక్కుండానే మళ్లీ వస్తుంది.

ఇంజిన్ మీద చెయ్యి వేసే ముందు

నీటి మీద ఉండగా ఇంజిన్ ఆగిపోతే మొదటి పని లంగరు వేయడం. గాలి ఒడ్డు వైపు వీస్తున్నప్పుడు కెరటాలు విరిగే చోటికి పడవ కొట్టుకుపోవడానికి ఎక్కువసేపు పట్టదు. అక్కడ అడ్డం తిరిగిన పడవను తెడ్లతో నిలబెట్టడం నలుగురి వల్ల కూడా కాదు. లంగరు పట్టుకుందని నిర్ధారించుకున్నాకే మూత తీయాలి. బీడీ, సిగరెట్ పూర్తిగా ఆర్పేయాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కనుక పడవ అడుగున పేరుకుని ఉంటుంది, ముక్కుకు తెలియకపోయినా నిప్పురవ్వకు తెలుస్తుంది. మూత తీసిన వెంటనే తాడు లాగకుండా రెండు నిమిషాలు గాలి ఆడనివ్వాలి. తీరం కనిపించనంత దూరంలో ఉంటే, ఎంతసేపు ప్రయత్నించాలో పడవ నడిపే సరంగు ముందే నిర్ణయించుకోవడం మంచిది. చీకటి పడేదాకా ఆగకుండా, ఫోన్‌లో ఛార్జింగ్ ఉండగానే కోస్ట్‌గార్డు నంబరు 1554కి గాని, మెరైన్ పోలీసు నంబరు 1093కి గాని చెప్పి ఉంచితే, ఆ తరవాత ఇంజిన్ స్టార్ట్ అయినా నష్టమేమీ లేదు.

మొదటి ప్రశ్న: తిరుగుతోందా లేదా

తాడు లాగినప్పుడు లేదా హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంజిన్ మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. అసలు తిరగకపోవచ్చు, తిరిగినా అంటుకోకపోవచ్చు, అంటుకుని కొద్దిసేపట్లో ఆగిపోవచ్చు. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా ప్లగ్గు విప్పడం మొదలుపెడితే శ్రమ వృథా.

అసలు తిరగకపోతే అవుట్‌బోర్డులో ముందు గేరు చూడాలి. చాలా మోటార్లలో గేరు న్యూట్రల్‌లో లేకపోతే తాడు కదలకుండా చేసే ఏర్పాటు ఉంటుంది. గేరు సరిగా ఉంటే పంకా చూడాలి. దానికి వల ముక్కో, నైలాన్ తాడో చుట్టుకుని ఉండవచ్చు. కరెంటు స్విచ్చి ఆపి, సరంగు ఒంటికి కట్టుకునే తాడు క్లిప్పు తీసేసిన తరవాతే పంకాను చేత్తో ముట్టుకోవాలి. పొడుగు షాఫ్టు డీజిల్‌లో పంకా బాగానే తిరుగుతున్నా, షాఫ్టు గొట్టం లోపలి బుష్షుల్లో ఇసుక, ఉప్పు గట్టిపడి పట్టేయడం మామూలే. షాఫ్టును ఇంజిన్ నుంచి విడదీసి, దేన్ని తిప్పితే తిరుగుతోందో, ఏది కదలడం లేదో చూస్తే తప్పెక్కడుందో తేలిపోతుంది.

షాఫ్టు విడదీశాక కూడా ఇంజిన్ కదలకపోతే, డీజిల్ ఇంజిన్‌కు డీకంప్రెషన్ లివర్ (సిలిండరులోని గాలిని బయటికి వదిలి తిప్పడం తేలిక చేసే మీట) ఎత్తి మళ్లీ నెమ్మదిగా తిప్పి చూడాలి. లివర్ ఎత్తినా కదలనప్పుడు బలం పెట్టడం ప్రమాదం. ఎగ్జాస్ట్ గొట్టం గుండా కెరటం నీళ్లు సిలిండరులోకి చేరి ఉంటే, పిస్టను వాటిని నొక్కలేదు, ఎందుకంటే నీరు గాలిలా కుదించుకోదు. ఆ స్థితిలో ఇద్దరు కలిసి హ్యాండిల్ మీద ఊగితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. డీజిల్‌ను సిలిండరులోకి చిమ్మే ఇంజెక్టర్‌ను విప్పి తీసేసి, ఆ రంధ్రం గుండా నీళ్లు బయటికి చిమ్మేలా ఒకటి రెండు చుట్లు మెల్లగా తిప్పాలి. నెలలుగా నిలిచి తుప్పుతో పట్టేసిన ఇంజిన్ అయితే అదే రంధ్రంలో కొద్దిగా పలచని నూనె పోసి ఒక రాత్రి నానబెట్టాలి. అప్పటికీ కదలకపోతే అది మెకానిక్ పని.

తిరిగినా అంటుకోని అవుట్‌బోర్డు

ముందు ఎర్ర క్లిప్పు చూడాలి. సరంగు నడుముకో చేతికో కట్టుకునే తాడు చివర ఉండే ఆ క్లిప్పు స్విచ్చి నుంచి కొంచెం జారినా కరెంటు పుట్టదు. నవ్వు తెప్పించే సంగతే గాని, బరంపురం నుంచి మెకానిక్‌ను పిలిపించిన తరవాత ఈ క్లిప్పే కారణమని తేలితే ఆ నవ్వు ఖరీదైనదవుతుంది.

తరవాత ఇంధనం. ట్యాంకు మూత మీది గాలి మరను విప్పాలి. అది బిగిసి ఉంటే ట్యాంకులోకి గాలి రాక పెట్రోలు బయటికి రాదు. ఇప్పుడు ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య గొట్టంలో ఉన్న రబ్బరు ప్రైమర్ బల్బును చేతిలోకి తీసుకోవాలి. దాని మీది బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి, పిండేటప్పుడు బాణం పైకి చూసేలా పట్టుకోవాలి. పిండిన కొద్దీ బల్బు గట్టిపడితే ఇంధనం కార్బొరేటరు దాకా వెళుతోందన్నమాట. ఎంత పిండినా మెత్తగానే ఉంటే ట్యాంకులో పెట్రోలు లేదు, లేదా గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు లోపలి వాల్వు పోయింది. పిండాక చప్పిడిగా అతుక్కుపోయి మళ్లీ ఉబ్బకపోతే ట్యాంకు వైపు అడ్డు ఉంది: మూసిన గాలి మర, చెత్తతో నిండిన జల్లెడ, లోపల పొర ఊడి దారి మూసేసిన పాత గొట్టం. మొదటిసారి పిండబోయేసరికే రాయిలా బిగుసుకుని ఉంటే అడ్డు ఇంజిన్ వైపుంది, అంటే కార్బొరేటరులోకి ఇంధనాన్ని వదిలే నీడిల్ అంటుకుపోయి ఉండవచ్చు. ఈ ఒక్క బల్బు చెప్పే సంగతులు తెలుసుకుంటే సగం విప్పుడు పనులు తప్పుతాయి. గొట్టం చివరి కనెక్టర్‌లోని చిన్న రబ్బరు ఉంగరం చిట్లితే కూడా గాలి పీలుస్తుంది. పెట్రోలు కారడం కనిపించకపోయినంత మాత్రాన అది బాగుందనుకోకూడదు.

బల్బు బాగుంటే ఇంధనం నాణ్యత చూడాలి. కార్బొరేటరు అడుగున ఉండే చిన్న డ్రెయిన్ స్క్రూ విప్పి, కారినదాన్ని గాజు సీసాలో పట్టి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. నీరుంటే అడుగున వేరే పొరగా, ఒక్కోసారి ముత్యాల్లాంటి బొట్లుగా కనిపిస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మోతాదు మించాక ఆ నీటితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. సముద్రపు గాలిలో సగం నిండిన ట్యాంకు రెండు నెలలు నిలిస్తే ఇది జరిగే అవకాశం బాగా ఎక్కువ. అలాంటి పెట్రోలును కలిపి వాడేద్దామనుకోకుండా మొత్తం తీసేయాలి. పాత గొట్టాలు, పాత బల్బులు కూడా ఇథనాల్‌కు ఉబ్బి చెడతాయి కనుక, మార్చేటప్పుడు దానికి తట్టుకునే రకమే అడిగి కొనాలి.

కిరోసిన్‌తో నడిచే మోటారుకు ఇంకొక మెలిక ఉంది. అది స్టార్ట్ కావడం పెట్రోలుతో, వేడెక్కాక నడవడం కిరోసిన్‌తో. ఒడ్డుకు చేరినప్పుడు కిరోసిన్ మీదే ఆపేస్తే కార్బొరేటరు గిన్నెలో కిరోసిన్ మిగిలిపోతుంది. మర్నాడు చల్లని ఇంజిన్‌లో అది ఆవిరి కాదు, ఎంత తాడు లాగినా అంటుకోదు. గిన్నె ఖాళీ చేసి పెట్రోలు నింపితే చాలు. ప్రతిరోజూ ఆపడానికి రెండు మూడు నిమిషాల ముందు పెట్రోలుకు మార్చడం అలవాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు.

ఇంధనం బాగున్నప్పుడు ప్లగ్గు విప్పాలి. విప్పే ముందు చుట్టూ ఉన్న ఇసుక ఊదేయాలి, లేకపోతే అది సిలిండరులో పడుతుంది. ప్లగ్గు కొన పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావడం లేదు. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు వస్తోంది, కరెంటు రావడం లేదు, లేదా చోక్ ఎక్కువసేపు లాగి ఉంచడం వల్ల సిలిండరు పెట్రోలుతో నిండిపోయింది. నీటి బొట్లుగాని, తెల్లని ఉప్పు పొరగాని కనిపిస్తే సముద్రపు నీరు లోపలికి దారి చేసుకుంది. నల్లటి జిగురు మసి ఉంటే నూనె పాళ్లు ఎక్కువయ్యాయి. పాత రెండు స్ట్రోకుల మోటార్లలో చాలావాటికి పెట్రోలు 50 పాళ్లకు నూనె ఒక పాలు సరిపోతుంది గాని, కిరోసిన్ మోటార్లకూ కొత్త మోటార్లకూ ఆ లెక్క వేరుగా ఉంటుంది కనుక ఇంజిన్‌తో వచ్చిన పుస్తకం చూసి కలపాలి. నూనె ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు బలమన్న నమ్మకం తీరమంతా ఉంది. దాని వల్ల బలపడేది ప్లగ్గులమ్మే దుకాణం.

కరెంటు పరీక్షకు ప్లగ్గును టోపీలో పెట్టి, దాని మరల భాగాన్ని ఇంజిన్ లోహానికి గట్టిగా తాకించి, రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, మరొకరు తాడు లాగాలి. విప్పిన రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, అంతకుముందే చుట్టుపక్కల చిందిన పెట్రోలు తుడిచేయాలి. నీలిరంగు రవ్వ చిటపటమంటూ దూకితే కరెంటు బాగుంది. నారింజ రంగులో నీరసంగా ఉంటే కొత్త ప్లగ్గు పెట్టి మళ్లీ చూడాలి. కొత్త ప్లగ్గుకూ రవ్వ రాకపోతే, క్లిప్పు స్విచ్చి నుంచి వచ్చే తీగను తాత్కాలికంగా విడదీసి మళ్లీ పరీక్షించాలి. అప్పుడు రవ్వ వస్తే జబ్బు స్విచ్చిదే, లోపల ఉప్పు చేరి ఎప్పుడూ ఆపేసిన స్థితిలోనే ఉండిపోయిందన్నమాట. పరీక్ష కాగానే తీగను కలపాలి, స్విచ్చి మార్చాలి. ఆ తీగ లేకుండా వేటకు వెళితే, సరంగు నీళ్లలో పడినప్పుడు పడవ ఆగదు. తీగ విడదీసినా రవ్వ రాకపోతే రవ్వకు కరెంటు అందించే కాయిల్ లేదా సీడీఐ పెట్టె పోయి ఉంటుంది. అవి విప్పి బాగుచేసేవి కావు, మార్చాల్సినవి.

రవ్వ ఉండి, మంచి పెట్రోలు ఉండి, ప్లగ్గు మాత్రం పొడిగానే ఉంటే ఇక కార్బొరేటరు తెరవక తప్పదు. గిన్నె విప్పాక అడుగున గోధుమరంగు బంక కనిపిస్తే అది ఆరిపోయిన పాత పెట్రోలు. పెట్రోలును కొలతగా వదిలే జెట్టు రంధ్రం వెంట్రుకవాసి కనుక ఆ బంక దాన్ని మూసేస్తుంది. జెట్టును స్క్రూడ్రైవర్‌తో తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, మధ్యలో గుండ్రటి వెలుగు చుక్క స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే కార్బొరేటరు క్లీనర్‌లో నానబెట్టి, సన్నని నైలాన్ వల దారంతో పొడవాలి. ఇనుప తీగ, సూది వాడకూడదు. ఇత్తడి జెట్టు వాటికి అరిగి రంధ్రం పెద్దదవుతుంది, ఇంజిన్ ఎప్పటికీ పొగ కక్కుతూనే ఉంటుంది.

తిరిగినా అంటుకోని డీజిల్

డీజిల్‌కు ప్లగ్గు లేదు, రవ్వ లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికి డీజిల్ తుంపర అంటుకుంటుంది. అందువల్ల వెతకాల్సినవి రెండే: డీజిల్ వస్తోందా, గాలి నొక్కుకుంటోందా. ఎగ్జాస్ట్ పొగ ఈ రెండింటికీ జవాబు చెబుతుంది. గట్టిగా తిప్పుతున్నా పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండరులోకి చేరడం లేదు. తెల్లని పొగ వస్తూ అంటుకోకపోతే డీజిల్ చేరుతోంది గాని వేడి చాలడం లేదు.

పొగ రానప్పుడు ముందు ఆపే లివర్ నడిచే స్థానంలో ఉందో లేదో, డీజిల్ ట్యాప్ తెరిచి ఉందో లేదో చూడాలి. తరవాత ఫిల్టరు గిన్నె విప్పి నీరు, చెత్త పారబోయాలి. ఆ తరవాతిది ఈ ఇంజిన్లలో తరచూ ఎదురయ్యే జబ్బు, లైనులో గాలి పట్టడం. ట్యాంకు ఒక్కసారి పూర్తిగా ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా గాలి చేరుతుంది. పంపు గాలిని నొక్కుతుందే తప్ప డీజిల్‌ను తోయలేదు. ట్యాంకు నింపి, ఫిల్టరు మీది స్క్రూను రెండు చుట్లు వదులు చేస్తే ముందు బుడగలతో నురగ వస్తుంది. బుడగలు పూర్తిగా ఆగి డీజిల్ దారలా వచ్చాక, అది కారుతుండగానే బిగించాలి. పంపు మీద స్క్రూ ఉంటే అక్కడా ఇలాగే చేయాలి. ఆఖరున ఇంజెక్టర్ దగ్గర పైపు నట్టును అర చుట్టు వదిలి, డీకంప్రెషన్ లివర్ ఎత్తి ఇంజిన్ తిప్పుతూ ఉంటే నట్టు దగ్గర డీజిల్ ఉబికి వస్తుంది. బుడగ లేకుండా వచ్చాక నట్టు బిగించి మళ్లీ తిప్పితే, ప్రతి చుట్టుకూ ఇంజెక్టర్ దగ్గర 'కిర్రు'మనే శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దం వినిపించిందంటే డీజిల్ లోపలికి తుంపరగా వెళుతోందన్నమాట. ఇంజెక్టర్‌ను బయటికి తీసి పరీక్షించేవారు దాని ముక్కు ముందు చెయ్యి పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చి లోపలికి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

తెల్లపొగ వచ్చే ఇంజిన్‌లో లివర్ దించి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పినప్పుడు, ఒకచోట గట్టిగా ఎదురు తన్నాలి. అలా ఎదురులేకుండా సులువుగా తిరిగిపోతుంటే గాలి ఎక్కడో కారిపోతోంది. డీకంప్రెషన్ లివర్ పూర్తిగా దిగకపోవడం, వాల్వు సందు తప్పడం, రింగులు అరగడం, హెడ్ గాస్కెట్ పోవడం వరుసగా చూడాల్సినవి. గాలి వెళ్లే దారిలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి తిప్పితే స్టార్ట్ అయితే, రింగులు అరిగాయని నిశ్చయించుకోవచ్చు. చెంచాకు మించి పోయకూడదు. పెట్రోలు తడిపిన గుడ్డ గాలి దారి దగ్గర పెట్టి స్టార్ట్ చేసే పద్ధతి మాత్రం పూర్తిగా మానుకోవాలి. సమయం కాని సమయంలో పేలిన పెట్రోలుకు పిస్టను పగులుతుంది, హ్యాండిల్ వెనక్కి తిరిగి తిప్పేవారి మణికట్టు విరుగుతుంది.

అంటుకుని ఆగిపోయేవి, బ్యాటరీతో నడిచేవి

స్టార్ట్ అయి రెండు మూడు నిమిషాల్లో ఆగి, కాసేపు ఆగాక మళ్లీ స్టార్ట్ అయితే ట్యాంకు గాలి మర, ఫిల్టరు, గొట్టం మడత, ఈ వరుసలో చూడాలి. అవుట్‌బోర్డులో పక్కనుంచి చిమ్మే సన్నని నీటిదార ఆగి ఉంటే అది వేడికి ఆగిపోతోంది. నీళ్లు లాగే రబ్బరు ఇంపెల్లర్ ఇసుకకు అరిగిందని అనుకోవాలి.

స్టార్టర్ ఉన్న మర బోట్లలో మీట నొక్కగానే 'టక్' మని ఆగిపోతే ముందు బ్యాటరీ టెర్మినళ్లు విప్పి చిలుము గీకేయాలి. నిండిన 12 వోల్టుల బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది, 12 కన్నా తగ్గితే ఛార్జింగ్ పెట్టాల్సిందే.

నీట మునిగిన ఇంజిన్

కెరటం దాటుతూ పడవ బోల్తాపడినప్పుడుగాని, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానులోగాని మునిగిన ఇంజిన్ విషయంలో పోరాటం ఉప్పుతో కన్నా గాలితో. ఉప్పునీట తడిసిన లోహం గాలి తగిలిన క్షణం నుంచి తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. బయటికి తీయగానే మంచినీళ్లతో బాగా కడిగి, ప్లగ్గుగాని ఇంజెక్టర్‌గాని విప్పి, రంధ్రం కిందికి వచ్చేలా వంచి మెల్లగా తిప్పి నీళ్లు తీసేయాలి. పాత ఇంజిన్ ఆయిల్, పాత ఇంధనం మొత్తం పారబోసి కొత్తవి పోసి, ఆ రోజే స్టార్ట్ చేసి అరగంట నడపాలి. ఆ రోజే చేయడానికి వీలుకాకపోతే, వింతగా అనిపించినా, మెకానిక్ వచ్చేదాకా ఇంజిన్‌ను మంచినీళ్ల తొట్టిలో పూర్తిగా ముంచి ఉంచడం మేలు. నడుస్తుండగా మునిగినదైతే లోపల రాడ్డు వంగి ఉండవచ్చు కనుక, తిప్పేటప్పుడు ఎక్కడ గట్టిగా తగిలినా అక్కడితో ఆపేయాలి.

మెకానిక్‌కు ఏం చెప్పాలి

సోంపేట, పలాస, బరంపురం నుంచి మెకానిక్ రావాలంటే పూట గడుస్తుంది, విడిభాగం విశాఖపట్నం నుంచి తెప్పించాలంటే ఇంకా ఎక్కువ. 'స్టార్ట్ కావడం లేదు' అని మాత్రమే చెబితే ఆయన పెట్టెలో ఏ భాగం వేసుకుని రావాలో ఆయనకు తెలియదు. ఇంజిన్ తిరుగుతోందా, ప్లగ్గు తడిగా ఉందా పొడిగా ఉందా, రవ్వ ఉందా, డీజిల్ అయితే పొగ ఏ రంగు, ఎన్నాళ్లుగా నిలిచి ఉంది, మోడల్ పలక మీద ఏం రాసి ఉంది, ఇవన్నీ చెబితే సరైన భాగంతో ఒక్కసారే వస్తారు. పలకను ఫోటో తీసి పంపితే ఇంకా మంచిది.

నిషేధం మొదలయ్యే ముందు

ఏప్రిల్ 14 సాయంత్రం చివరిసారి ఒడ్డుకు చేరాక అవుట్‌బోర్డును మంచినీళ్ల డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడిపితే లోపలి దారుల్లోని ఉప్పు కడుగుకుపోతుంది. అది నడుస్తుండగానే ఇంధన గొట్టం ఊడదీసి, కార్బొరేటరులో పెట్రోలు అయిపోయి దానంతటదే ఆగేలా చేయాలి, మిగిలిన చుక్కలను డ్రెయిన్ స్క్రూ గుండా తీసేయాలి. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా నూనె పోసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి ప్లగ్గు బిగించాలి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచితే లోపల గాలికి చోటుండక నీరు చేరదు, పెట్రోలు ట్యాంకును మాత్రం ఖాళీగా ఆరబెట్టాలి. డీజిల్ ఇంజిన్‌కు పాత ఆయిల్ తీసి కొత్తది పోయాలి, ఎందుకంటే వాడిన ఆయిల్‌లోని ఆమ్లం ఆ రెండు నెలలూ బేరింగులను తింటుంది. టార్పాలిన్‌ను నేలదాకా బిగించి కట్టకుండా కింద గాలి ఆడేలా వదలాలి. పదిహేను రోజులకొకసారి ఎవరో ఒకరు వెళ్లి హ్యాండిల్‌ను లివర్ ఎత్తి నాలుగు చుట్లు తిప్పి, ప్రతిసారీ వేరే చోట ఆపి రావాలి.